సిక్కోలు మామ్మ పుట్టింటి పేరు

మా అమ్మమ్మకు నాయనమ్మ అయిన ఒకావిడను మా ఇంట్లో చిన్నా పెద్దా అందరూ "సిక్కోలు మామ్మ" అనేవారు. శ్రీకాకుళాన్ని ఈ ప్రాంతంలో సిక్కోలు అంటారు. దొరల కాలపు దస్త్రాల్లో అదే చికాకోల్. 1876లో నాగావళికి వరద వచ్చి శ్రీకాకుళం వంతెన ఆర్చీలు కొట్టుకుపోయిన ఏడు ఆవిడ చీపురుపల్లి అవతల మా అమ్మమ్మ పుట్టింటికి కోడలిగా వచ్చిందనీ, పెళ్లివారి బండ్లు ఏరు దాటలేక రెండు రాత్రులు ఒడ్డునే ఉండిపోయాయనీ చెప్పుకునేవారు. అత్తింటి నాలుగు తరాల కథ అందరికీ కంఠతా వచ్చు గాని, ఆవిడ ఏ ఇంటి ఆడపడుచో, పుట్టింటి ఇంటిపేరేమిటో చెప్పగలిగినవారు ఒక్కరూ మిగలలేదు. ఆ సంగతి తెలుసుకుందామని ఈ మాఘమాసంలో మా చిన్నమావయ్యను వెంటబెట్టుకుని అయిదు రోజులు తిరిగాను. తిరిగి వచ్చి వారం కాలేదు. పేర్లూ ముఖాలూ కలగలిసిపోకముందే రాసి పెట్టుకుంటున్నాను.

ఫిబ్రవరి 4, విజయనగరం

మావయ్యకు డెబ్బై నాలుగేళ్లు. లెక్కల మాస్టారుగా పనిచేసి దిగిపోయారు గాని లెక్కలు మాత్రం ఆయనను వదలలేదు. నేను వెళ్లేసరికి అటక మీది ట్రంకు పెట్టె దించి, దుమ్ము దులిపి, ముందుగదిలో పెట్టి ఉంచారు. గంటస్తంభం దగ్గర నుంచి తెప్పించిన ఇడ్లీ, బొంబాయి చట్నీ తినడం అయ్యాకే పెట్టె తెరవాలని అత్తయ్య షరతు పెట్టింది. ఇక్కడి బొంబాయి చట్నీలో ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ ధారాళంగా పడతాయి. శనగపిండి మాత్రం పలుచగా, చేతిలోంచి జారిపోయేటట్టు ఉంటుంది. ప్లేటు నలభై రూపాయలట. మావయ్య దృష్టిలో అది దోపిడీ.

పెట్టెలో సిక్కోలు మామ్మవి రెండే వస్తువులు ఉన్నాయి. మొదటిది ఒక బాకీ చీటీ. విజయ నామ సంవత్సరం మాఘమాసం అని తేదీ ఉంది. లెక్క వేస్తే అది 1894 మొదట్లో పడుతుంది. ఒక అన్న తన చెల్లెలికి రాసి ఇచ్చిన కాగితం అది. తండ్రి ఆమెకు పసుపు కుంకుమ కింద ఇచ్చిన చెక్కను, అంటే పొలం ముక్కను, తాను అరవై రూపాయలకు కొన్నట్టు, యాభై అయిదు రూపాయలు ముట్టజెప్పినట్టు, అయిదు రూపాయలు బాకీ ఉన్నట్టు అందులో రాసి ఉంది. పైన "చి.ల.సౌ. మా చెల్లెలికి" అని ఉంది తప్ప ఆమె పేరు లేదు. సొంత చెల్లెలికి పేరు పెట్టి రాయడం ఆయనకు అవసరమనిపించలేదు కాబోలు. తన పేరుకు ముందు మాత్రం "లోలుగు" అని ఇంటిపేరు స్పష్టంగా రాసుకున్నాడు. ఊరి పేరున్న చోట చెదలు తినేయగా "గంజాం జిల్లా చికాకోల్ తాలూకా" అన్న మాటల తరువాత "పేట" ఒక్కటే మిగిలింది.

ఈ "గంజాం" అన్న మాట మా ఇంట్లో రెండు తరాలను తప్పుదారి పట్టించింది. గంజాం ఒడిశాలో ఉంది కాబట్టి మామ్మ ఒరియా ఆవిడే అయి ఉంటుందని మా పెద్దమావయ్య చివరిదాకా వాదించారు. నిజానికి శ్రీకాకుళం 1936 వరకు గంజాం జిల్లాలోనే ఉండేది. ఒడిశా వేరు రాష్ట్రం అయినప్పుడు ఈ తెలుగు తాలూకాలను విశాఖపట్నం జిల్లాలో కలిపారు, 1950లో శ్రీకాకుళం జిల్లా వేరుపడింది, 1979లో విజయనగరం జిల్లా వచ్చింది. మామ్మ ఉన్నచోటనే ఉంది, జిల్లాలే ఆవిడ మీదుగా అటూ ఇటూ కదిలాయి.

రెండో వస్తువు పాత గుడ్డలో చుట్టిన ఒక చిన్న ఎముక. వరసగా సన్నని పళ్లున్నాయి. పిల్లలకు దిష్టి తగలకుండా కట్టే ఎముక అని అత్తయ్య, పిల్లి దవడ అని మావయ్య అన్నారు.

సాయంత్రం గురజాడ అప్పారావు గారి ఇంటికి వెళ్లాము. 1862లో పుట్టిన ఆయన మా మామ్మకు ఇంచుమించు ఈడువాడు. ఆ ఇంటి అరుగు దగ్గర నిలబడి మావయ్య ఇంటిపేర్ల మీద చిన్న పాఠం చెప్పారు. అప్పారావు గారు పుట్టింది ఎస్. రాయవరంలో, బతికింది విజయనగరంలో, ఇంటిపేరు మాత్రం కృష్ణా జిల్లాలోని గురజాడ అనే ఊరిది. ఈ ఊరి రాజులైన పూసపాటివారి పేరూ అటువైపు పూసపాడు నుంచి వచ్చిందే. "కోట కట్టింది 1713లో, ఇక్కడే. అయినా పేరులో ఉన్నది ఎప్పుడో వదిలేసిన ఊరు" అన్నారు మావయ్య. ఆ మాట అప్పుడు నేను చెవిన పెట్టలేదు. పెట్టి ఉంటే మర్నాడు ఒక పూట కలిసివచ్చేది.

ఫిబ్రవరి 5, పొందూరు

విజయనగరం నుంచి శ్రీకాకుళం రోడ్డు స్టేషనుకు వెళ్లే ప్యాసింజరులో కిటికీ పక్కన కూర్చుంటే స్టేషన్ల పేర్లు పెళ్లి శుభలేఖ చదువుతున్నట్టు ఉంటాయి. చీపురుపల్లివారు, పొందూరివారు, దూసివారు అందరూ మాకు తెలిసిన ఇళ్లవారే.

లోలుగు అనే ఊరు పొందూరు మండలంలో ఉంది. పేరు అంత సూటిగా దొరికినప్పుడు వెతకడానికి ఇంకేముందని నేను ధీమాగా ఉన్నాను. పొందూరులో దిగింది ఆటో కోసమే అయినా, మావయ్యకు ఖద్దరు పంచె చూడాలని కోరిక పుట్టింది. దుకాణంలో ధర విని, పంచెను యథాతథంగా మడతపెట్టి, రెండు చేతులా తిరిగి ఇచ్చారు. ఆ పక్క వీధిలోనే ఒక పెంకుటింటి వసారాలో నలుగురు ఆడవాళ్లు నూలు పని చేసుకుంటూ కనిపించారు. వారిలో పెద్దావిడ చేతిలో ఉన్న వస్తువును చూసి నేను గుమ్మం దగ్గరే ఆగిపోయాను. సంచిలోంచి గుడ్డ మూట తీసి విప్పాను.

"ఇది వాలుగ దవడ కదా తల్లీ, ఎవులిది?" అంది ఆవిడ, చెయ్యి చాపి.

పొందూరు సన్ననూలు రహస్యం సగం ఆ చేప నోట్లోనే ఉంది. గింజ తీయకముందే పత్తిని వాలుగ చేప దవడ పళ్లతో మెల్లగా దువ్వి, చెత్తా నలుసూ పోగొట్టి, పీచును ఒకవైపుకు సర్దుతారు. ఆ తరువాతే గింజ తీయడం, దూది ఏకడం, ఏకులు చుట్టడం. ఆ ఏకులు మాసిపోకుండా ఎండిన అరటి డొప్పలో పెట్టుకుని రాట్నం ముందు కూర్చుంటారు. ఇనుప దువ్వెనకు పీచు తెగిపోతుందట, దవడకు తెగదట. వందో నంబరు నూలు అలా దువ్విన దూదితోనే వస్తుంది. ఒకప్పుడు చికాకోల్ మస్లిన్ అని దేశాంతరాల్లో పేరు పడిన బట్ట ఈ చుట్టుపక్కల ఇళ్లలో ఆడవాళ్లు తీసిన నూలుతో నేసిందే.

ఆవిడ మా ఎముకను వేలితో తడిమి, అరిగిన వైపు చూపించింది. కుడిచేతి వాటం మనిషి వాడినది కాదని చెప్పింది. మా అమ్మమ్మది ఎడమచేతి వాటం, నాదీ అంతే. ఆ మాట విని మావయ్య నా వైపు చూశారు గాని ఏమీ అనలేదు. వెళ్లేముందు ఎముక అమ్ముతావా అని ఆవిడ అడిగింది. మంచి దవడలు ఇప్పుడు దొరకడం కష్టమట. ఇవ్వనని చెప్పడానికి నాకు సిగ్గేసింది, ఎందుకంటే ఆ వసారాలో ఉన్నవాళ్లకు దానితో పని ఉంది, నాకు లేదు.

అదే రోజు, లోలుగు

ఆటోకు రానూ పోనూ మూడు వందలు. ఊరి మొదట్లో రావిచెట్టు కింద గట్టు మీద నలుగురు పెద్దలు కూర్చుని ఉన్నారు. మంచినీళ్లు తెప్పించి ఇచ్చాక ఎక్కడినుంచి వచ్చామో, ఎవరి తాలూకో, "ఎవులోళ్లు" అనేదీ ఒకదాని తరువాత ఒకటి అడిగారు. ఈ వైపు పల్లెల్లో కులం సూటిగా అడగడం మర్యాద కాదు; ఇంటిపేరు, గోత్రం, పెళ్లి సంబంధాలు ఎక్కడెక్కడ చేశారు అని చుట్టూ తిరిగి అక్కడికే వస్తారు. మావయ్య ఓపికగా అన్నింటికీ బదులు చెప్పి, లోలుగువారి ఇల్లెక్కడ అని అడిగారు.

వాళ్లు ముందు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు, తరువాత నవ్వారు. అందరిలోకీ పెద్దవాడైన ముసలాయన చుట్ట నోట్లోంచి తీసి, "లోలుగులో లోలుగోలెందుకుంటారు బావూ? ఇక్కడున్నోలమందరం లోలుగోలమే. ఊరొదిలి ఎల్లినోడికి ఊరు పేరెడతారు గాని, ఉన్నోడికెందుకు?" అన్నాడు.

నిన్న గురజాడవారి అరుగు మీద విన్న పాఠం అప్పుడు నాకు తలకెక్కింది. ఊళ్లో ఉన్నంత కాలం ఎవరికీ ఆ ఊరి పేరుతో పని లేదు. పొరుగూరికి పోయి ఇల్లు కట్టుకున్న రోజున అక్కడివాళ్లు "లోలుగు నుంచి వచ్చినవాళ్లు" అంటారు, రెండు తరాలకు "నుంచి వచ్చిన" అన్న మాటలు రాలిపోయి "లోలుగువాళ్లు" మిగులుతుంది. ఆ లెక్కన ఇంటిపేరు ఉన్న ఊరిలో ఆ ఇంటిపేరువాళ్లను వెతకడం అంత తెలివితక్కువ పని మరొకటి లేదు. లెక్కల మాస్టారికి కూడా ముందుగా తట్టనందుకు నేను కొంత ఊరట పొందాను.

అయితే ముసలాయన మమ్మల్ని ఖాళీగా పంపలేదు. ఊరు విడిచిపోయినవాళ్లు కొందరు అమ్మవారి సంబరానికి ఇప్పటికీ వస్తారని, తమ ఇంటి మురాట (అమ్మవారి ఘటం) తలకెత్తుకుని ఊరేగుతారని చెప్పాడు. అలా వచ్చేవాళ్లలో లోలుగు ఇంటిపేరున్నవాళ్లు ఏరు దాటి, సిక్కోలు అవతల పేటలో ఉంటారన్నాడు. ఏ పేట అంటే, "పేటంటే పేటే" అన్నాడు. చీటీలో చెదలు మిగిల్చిన మాట కూడా అదే కదా అనుకుంటూ ఆటో ఎక్కాము.

ఫిబ్రవరి 6, శ్రీకాకుళం

ఈ రోజు గురించి చెప్పుకోవలసినది తక్కువ. 1894 నాటి ఆ క్రయానికి రిజిస్టరు కాపీ దొరుకుతుందేమోనని ఒక కార్యాలయంలో ఉదయమంతా కూర్చున్నాము. బల్ల అవతలి ఆయన నా గుర్తింపు కార్డు చూసి, ఒకదానిలో పుట్టింటి పేరు, మరొకదానిలో అత్తింటి పేరు ఎందుకున్నాయని నిలదీశారు. నూట పాతికేళ్ల కిందటి ఆడమనిషి ఇంటిపేరు వెతకడానికి వెళ్లి, నా ఇంటిపేరు రుజువు చేసుకోలేక బయటపడ్డాను. కాపీ దొరకలేదు. మధ్యాహ్నం ఒక మెస్సులో తొంభై రూపాయలకు భోజనం పెట్టారు. అందులో ఆవ పెట్టిన అరటికాయ కూర, నువ్వుల పొడి, బెల్లం వేసిన పులుసు ఉన్నాయి. ఉత్తరాంధ్ర బయటివాళ్లకు ఈ తీపి పులుసు ఎబ్బెట్టుగా ఉంటుంది. నేను రెండోసారి అడిగి పోయించుకున్నాను.

సాయంత్రం నాగావళి ఒడ్డుకు వెళ్లాము. మాఘమాసంలో ఏరు పాయలుగా చీలి, మధ్యలో ఇసుక మేటల మీద పిల్లలు ఆడుకునేటంత నెమ్మదిగా ఉంది. వంతెనను విరిచిన ఏరు ఇదేనంటే నమ్మబుద్ధి కాదు. పెళ్లి బండ్లు ఏ ఒడ్డున ఆగి ఉంటాయని మావయ్యను అడిగాను. మామ్మ పుట్టిల్లు ఏటికి అవతలిదైతే, అత్తింటికి బయలుదేరినవి తూర్పు ఒడ్డున ఆగాలని ఆయన వెంటనే చెప్పారు. రెండు రాత్రులు ఇంటికి అంత దగ్గరలో ఉండి కూడా వెనక్కి వెళ్లకుండా బండిలోనే కూర్చున్న పదేళ్ల పిల్ల నా కళ్లముందు మెదిలింది.

ఫిబ్రవరి 7, మొదటి పేట

పేట అని చివర వచ్చే ఊళ్లు ఈ తాలూకాలో కోకొల్లలు. బస్సు స్టాండులో, టీ కొట్టులో, ఎరువుల దుకాణంలో అడగగా అడగగా లోలుగు ఇంటిపేరున్న ఊళ్లు రెండు తేలాయి. మొదటి ఊరికి ఆటోలో వెళ్లి ఇల్లు పట్టుకున్నాము. ఇంటాయన ఆదరంగా మంచం వాల్చారు. చీటీ విషయం విని ముందుకు వంగారు, గోత్రం అడిగి వెనక్కి వాలారు. వాళ్లు వేరే కులంవారు. ఇంటిపేరు ఊరిని బట్టి వచ్చింది కాబట్టి ఆ ఊరు విడిచిన ప్రతి కులానికీ అదే పేరు పడుతుందని, ఒకే ఇంటిపేరు కనబడగానే చుట్టాలైపోరని ఆయన నాకు నిదానంగా చెప్పారు. ఈ ముక్క పట్నంలో పుట్టి పెరిగిన నాకు నిజంగా కొత్త.

చుట్టరికం తేలకపోయినా ఎండన పడి వచ్చినవాళ్లను ఊరికే పంపించం అన్నారు. ఇంటావిడ చోడి (రాగి) అంబలి గిన్నెల్లో పోసి, చిన్న ఉల్లిపాయలు, వేయించిన మజ్జిగ మిరపకాయలు పక్కన పెట్టింది. మావయ్య మూడు గిన్నెలు తాగారు. నేను తటపటాయించి డబ్బు తీయబోతే మావయ్య నా మోచెయ్యి నొక్కారు. తరువాత దారిలో, అలాంటి చోట డబ్బు తీస్తే వాళ్ల గడప తొక్కనట్టే లెక్క అని మందలించారు. ఆ ఇంటాయనే రెండో పేటకు ఫోను చేసి, మేము రేపు వస్తున్నట్టు చెప్పిపెట్టారు.

ఫిబ్రవరి 8, రెండో పేట

ఆ ఊరి పేరు ఇక్కడ రాయను. రాయవద్దని వాళ్లు కోరారు. సముద్రం గాలి తగిలేటంత దూరంలో, కొబ్బరిచెట్లూ జీడితోటలూ ఉన్న చిన్న ఊరు. ఇంట్లో ఎనభై దాటిన ఒక పెద్దావిడ ఉంది. ఆవిడా ఆ ఇంటికి కోడలిగా వచ్చినదే. కళ్లు సరిగా ఆనవు కాబట్టి చీటీని ఆవిడ మనవడు బిగ్గరగా చదివాడు. "పసుపు కుంకుమ కింద ఇచ్చిన చెక్క" అన్న చోట ఆవిడ చేత్తో ఆపమని సైగ చేసింది.

"ఆడపడుచు చెక్క" అంది.

ఊరి దక్షిణాన వాళ్లకు ఎకరం లోపు మడి ఒకటి ఉంది. దానిని ఆ ఇంట్లో ఇప్పటికీ ఆడపడుచు చెక్క అనే పిలుస్తారు. ఏ ఆడపడుచు, ఎప్పటి మాట అనేది ఎవరూ అడగలేదు. పొలానికి ఒక పేరు ఉండాలి కాబట్టి ఉంది. మనవడు మమ్మల్ని గట్ల మీదుగా తీసుకువెళ్లి చూపించాడు. వరి కోసిన మళ్లలో మినుము చల్లారు, కాయ పట్టింది. మావయ్య గట్టు మీద కూర్చుని చెప్పులు విప్పి, పాదాలు మట్టిలో ఆనించి కాసేపు ఉండిపోయారు. ఆ చెక్కకు అరవై రూపాయలు ఆ రోజుల్లో సరైన ధరేనా అని నేను అడిగితే, అన్నాచెల్లెళ్ల మధ్య సరైన ధర అంటూ ఉండదని అన్నారు. తండ్రి ఇచ్చిన భూమిని ఆవిడ ఎందుకు అమ్ముకుందో, అమ్మమని ఎవరు అన్నారో చీటీలో లేదు. అత్తింట్లో ఎవరికో డబ్బు అవసరం పడి ఉంటుందని నా అనుమానం. ఆ అత్తిల్లు మాదే.

ఇంటికి తిరిగి వచ్చాక, ఆ ఆడపడుచును ఇక్కడ ఏమని పిలిచేవారో గుర్తుందా అని పెద్దావిడను అడిగాను. తన అత్తగారు పాత సంగతులు చెప్పేటప్పుడు ఒకావిడను తలుచుకునేదని, ఆవిడ ఏటేటా సంక్రాంతికి బండి కట్టించుకుని వచ్చి, ఎడమచేత్తో రాట్నం తిప్పేదని, పిల్లలంతా వింతగా చూసేవారని చెప్పింది. పేరు అడిగాను.

"సీపురుపల్లి అప్ప" అంది.

మావయ్య, నేను ఒకరినొకరు చూసుకున్నాము. మా ఇంట్లో ఆవిడ సిక్కోలు మామ్మ. ఇక్కడ చీపురుపల్లి అప్ప. వచ్చిన ఊరి పేరుతో అత్తింటివారు, వెళ్లిన ఊరి పేరుతో పుట్టింటివారు పిలిచారు; ఏ ఇంట్లోనూ ఆ ఇంటిదానిగా పిలవలేదు. లోలుగు విడిచిన మగవాళ్లకు జరిగిందీ ఇదే గాని, వాళ్లకు పడ్డ పేరు కొడుకులకూ మనవలకూ దిగి, రేషను కార్డుల దాకా వచ్చింది. ఆవిడకు పడ్డ రెండు పేర్లలో ఒకటి మా అమ్మమ్మతో, మరొకటి ఈ పెద్దావిడతో ఆగిపోయేవి. అమ్మానాన్నా పెట్టిన పేరు ఎవరికీ తెలియదు.

భోజనంలో చేప పులుసు, కొబ్బరి వేసిన చిక్కుడుకాయ కూర పెట్టారు. తిరుగు ప్రయాణానికి లేవగానే పెద్దావిడ నన్ను ఆగమని, కోడలి చేత పసుపు, కుంకుమ, రవికెల గుడ్డ, కొబ్బరికాయ పళ్లెంలో తెప్పించింది. అయిదు తరాల తరువాత అయినా ఆడపడుచు తాలూకు పిల్ల ఉత్త చేతులతో గడప దాటకూడదంది. నేను వంగి తీసుకోబోతుండగా మనవడు జేబులోంచి అయిదు రూపాయల నాణెం తీసి రవికెల గుడ్డ మీద పెట్టాడు.

"ముత్తాత బాకీ. చీటీ రద్దు చేసీయండి" అన్నాడు.

ఇంటిల్లిపాదీ నవ్వారు. మావయ్య మాత్రం నవ్వలేదు. చీటీ నా దగ్గర తీసుకుని, వెనక వైపు ఆ నాటి తేదీ వేసి, "అసలు ముట్టినది" అని రాసి సంతకం పెట్టారు. వడ్డీ సంగతి తరువాత చూసుకుందామని గంభీరంగా అన్నారు.

శ్రీకాకుళం రోడ్డులో సాయంత్రం ప్యాసింజరు ఎక్కాము. నెలకు నూటికి రూపాయి చొప్పున బారువడ్డీ అయితే నూట ముప్పై ఏళ్లకు డెబ్బై ఎనిమిది రూపాయలని రైలు కదలకముందే చెప్పేశారు మావయ్య. తరువాత చక్రవడ్డీ అయితే ఎంతవుతుందో చూద్దామని టికెట్టు వెనక పెన్సిలుతో మొదలుపెట్టారు. దూసి వచ్చేసరికి లక్షల్లోకి ఎక్కింది. పొందూరు దాటేసరికి కోటి దాటిపోయి, టికెట్టు మీద చోటు అయిపోయింది.